ఆఫీసు కంప్యూటర్లను విండోస్ నుంచి లైనక్స్‌కి మార్చడం: ఏ పని ముందు, ఏ పని తర్వాత

ఇరవై కంప్యూటర్లలో లైనక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించడానికి రెండు రోజులు చాలు. మూడో నెలలో కూడా ఆ ఇరవైలో లైనక్సే నడుస్తూ ఉండాలంటే మాత్రం ముందు ఆరు నుంచి ఎనిమిది వారాల తయారీ కావాలి. ఈ మార్గదర్శి ఎక్కువగా ఆ తయారీ గురించే.

విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. డబ్బు కట్టి తీసుకునే అదనపు అప్‌డేట్లకు సంస్థలకు మైక్రోసాఫ్ట్ పెట్టిన ధర మొదటి ఏడాది ఒక్కో కంప్యూటర్‌కి 61 డాలర్లు. ఆపైన ఏటా రెట్టింపు, అదీ మూడేళ్ల వరకే. విండోస్ 11కి టీపీఎం 2.0 (భద్రతా చిప్), ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్ కావాలి. ఆరో తరం, ఏడో తరం మెషీన్లు బాగానే పనిచేస్తున్న ఆఫీసులు చాలానే ఉన్నాయి. వాటి కోసమే ఇది.

ఉదాహరణకు 10 నుంచి 30 కంప్యూటర్లు, టాలీ, జీఎస్‌టీ పని, తెలుగులో ఉత్తరాలు, రెండు మూడు లేజర్ ప్రింటర్లు ఉన్న ఆఫీసును తీసుకున్నాం. ఎక్కించేది లైనక్స్ మింట్ 22. విండోస్ అలవాటున్నవాళ్లకు మెనూ, టాస్క్‌బార్ ఎక్కడుండాలో అక్కడే ఉంటాయి. 2029 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. 8 జీబీ ర్యామ్ ఉన్నవాటికి సినమన్ ఎడిషన్, 4 జీబీ ఉన్నవాటికి తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. నాలుగైదు రకాల లైనక్స్‌లు కలిపి పెట్టకండి. ఒక సీటులో నేర్చుకున్న పరిష్కారం మిగతా సీట్లలోనూ పనికిరావాలి.

## 1. ముందు పనుల జాబితా రాయండి

చాలామంది కంప్యూటర్ల జాబితాతో మొదలుపెడతారు. మొదట కావలసింది ఎవరు ఏ పని చేస్తారన్నది. ప్రతి సీటు పక్కన ఒక పూట కూర్చుని చూడండి. "మీరు ఏం వాడతారు?" అని అడిగితే "ఎక్సెల్, ఇంటర్నెట్" అంటారు. చూస్తే తప్ప మిగతావి బయటపడవు.

రోజూ చేసే పనులు ఎలాగూ కనబడతాయి. దెబ్బ కొట్టేవి నెలకొకసారి, ఏడాదికొకసారి చేసేవి: టీడీఎస్ రిటర్ను, బ్యాంకుకి పంపే జీతాల ఫైలు, టెండరు అప్‌లోడ్, పీఎఫ్ చలానా. వాటిని గుచ్చి గుచ్చి అడగాలి.

ఒక్కో సీటుకి రాసుకోవాల్సినవి:

- వాడే ప్రోగ్రాములు, వాటి వెర్షన్లు
- తెరిచే వెబ్‌సైట్లు, వాటిలో డిజిటల్ సంతకం కావలసినవి ఏవి
- తగిలించే పరికరాలు: ప్రింటర్, స్కానర్, డీఎస్‌సీ టోకెన్ (డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ పరికరం), వేలిముద్ర యంత్రం, బార్‌కోడ్ రీడర్
- మాక్రోలున్న (లోపల చిన్న ప్రోగ్రాములున్న) ఎక్సెల్ ఫైళ్లు
- తెలుగు టైపింగ్ ఏ కీబోర్డుతో, ఏ ఫాంటుతో
- ర్యామ్ ఎంత, డిస్క్ హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా

దీన్నిబట్టి సీట్లను మూడుగా విడదీయండి: వెంటనే మారగలిగినవి, కొంత సర్దుబాటుతో మారగలిగినవి, విండోస్‌లోనే ఉండాల్సినవి. ఈ మూడో గుంపు ఉండటం ఓటమేమీ కాదు. ఇరవైలో పదిహేడు మారి మూడు విండోస్‌లో ఉంటే ఆఫీసు సాఫీగా నడుస్తుంది. ఇరవైకి ఇరవై మార్చాలని పట్టుబట్టిన చోటే ఆర్నెల్లకు అన్నీ వెనక్కి పోతాయి.

## 2. విండోస్‌లోనే ఉంచాల్సినవి

టాలీప్రైమ్ విండోస్ కోసం రాసిన ప్రోగ్రాము. వైన్ (విండోస్ ప్రోగ్రాములను లైనక్స్ మీద నడిపించేది) సాయంతో లైనక్స్‌లో తెరుచుకోవడం వేరు, మార్చి 31 రాత్రి దాన్ని నమ్ముకుని కూర్చోవడం వేరు. వైన్ జోలికి పోకండి. టాలీని ఒక మంచి విండోస్ మెషీన్‌లో ఉంచి, లైనక్స్ సీట్ల నుంచి రెమినా అనే ప్రోగ్రాముతో రిమోట్ డెస్క్‌టాప్ (నెట్‌వర్క్ మీద వేరే కంప్యూటర్‌ని తెరిచి వాడటం) ద్వారా వాడుకోవాలి.

లెక్క తప్పేది ఇక్కడే:

- విండోస్ హోమ్ ఎడిషన్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్లడం కుదరదు.
- ప్రో ఎడిషన్ ఒకసారికి ఒక్కరినే రానిస్తుంది. రెండోవాళ్లు లాగిన్ అయితే మొదటివాళ్లు బయటికి పోతారు.
- ఇద్దరు ముగ్గురు ఒకేసారి పనిచేయాలంటే విండోస్ సర్వర్, దానిపైన మనిషికో రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సు కావాలి.
- టాలీ సిల్వర్ లైసెన్సు ఒక్కరికే. ఎక్కువమందికి గోల్డ్ ఉండాలి.

అకౌంట్స్‌లో ఇద్దరే ఉంటే సర్వర్ ఖర్చు పెట్టుకోకుండా ఆ ఇద్దరి కంప్యూటర్లనూ విండోస్‌లోనే వదిలేయడం చవక.

డీఎస్‌సీ టోకెన్ విషయంలో ఇంకో చిక్కుంది. టోకెన్‌ని విండోస్ మెషీన్‌కి తగిలించి, లైనక్స్ సీటు నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో వెళ్తే, చాలాసార్లు "టోకెన్ లేదు" అని వస్తుంది. టోకెన్ పాడవలేదు, డ్రైవరూ పోలేదు. రిమోట్ డెస్క్‌టాప్ ఇలాంటి టోకెన్లను (స్మార్ట్ కార్డులను) ఎదుటి మెషీన్‌లో చూడదు, మీరు కూర్చున్న మెషీన్‌లో వెతుకుతుంది. కాబట్టి సంతకం పని ఆ విండోస్ మెషీన్ ముందే కూర్చుని చేయాలి. అలా కుదరకపోతే అక్కడి తెరనే చూపించే ఎనీడెస్క్ లాంటిది వాడాలి.

జీఎస్‌టీ ఆఫ్‌లైన్ టూల్, మాక్రోలతో నడిచే ప్రభుత్వ ఎక్సెల్ యుటిలిటీలు, ఆధార్ వేలిముద్ర యంత్రాలు, పేజ్‌మేకర్, అను ఫాంట్లతో చేసే డీటీపీ కూడా ఈ కోవలోకే వస్తాయి. ఆ విండోస్ మెషీన్లు పాతవైతే వాటికి మాత్రం విండోస్ 11 ఎక్కే కొత్త మెషీన్లు కొనండి. మిగిలిన డబ్బు ఇక్కడ పెట్టడం సబబు.

## 3. విండోస్‌లో ఉండగానే ప్రోగ్రాములు మార్చండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ఎక్కువమంది దాటేసేదీ ఇదే. ఒకే సోమవారం ఆపరేటింగ్ సిస్టమ్, ఆఫీస్ ప్రోగ్రాము, మెయిల్, బ్రౌజర్ అన్నీ మారిపోతే ఏది ఇబ్బంది పెడుతుందో ఎవరికీ తెలియదు. తిట్లన్నీ లైనక్స్‌కే పడతాయి.

లిబ్రే ఆఫీస్ (ఎంఎస్ ఆఫీస్ బదులు), ఫైర్‌ఫాక్స్ లేదా క్రోమ్ (బ్రౌజర్), థండర్‌బర్డ్ (మెయిల్) మూడూ విండోస్‌లోనూ పనిచేస్తాయి. పాత విండోస్‌లోనే వీటిని పెట్టి మూడు నాలుగు వారాలు వాడనివ్వండి. ఫైళ్లలో వచ్చే తేడాలన్నీ అప్పుడే బయటపడతాయి, ఎంఎస్ ఆఫీస్ పక్కనే ఉంటుంది కాబట్టి పని ఆగదు.

ఈ వారాల్లో సర్దుకోవాల్సినవి:

- ఎక్స్‌లుకప్, ఫిల్టర్, యునీక్ సూత్రాలు. ఇవి లిబ్రే ఆఫీస్ 24.8 నుంచే ఉన్నాయి. మింట్ 22తో వచ్చేది 24.2. అంటే విండోస్‌లో కొత్త లిబ్రే ఆఫీస్‌తో బాగా నడిచిన షీటు మింట్‌లో తప్పు చూపిస్తుంది. మింట్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి ఫ్లాట్‌ప్యాక్ (విడి ప్యాకేజీ) రూపంలో కొత్త వెర్షన్ వేసుకుంటే సరిపోతుంది.
- పవర్ క్వెరీ, పవర్ పివట్. ఇవి లేవు. ఆ షీట్లు వాడే సీటు విండోస్‌లోనే ఉండాలి.
- లక్షల కామాలు. 1,234,567 అని వస్తుంటే ఫార్మాట్ సెల్స్‌లో భాషను ఇంగ్లీష్-ఇండియా చేసి, ఫార్మాట్ కోడ్ #,##,##0 అని ఇవ్వండి. 12,34,567 అవుతుంది.
- కాలిబ్రి, కేంబ్రియా ఫాంట్లు. ఇవి లైనక్స్‌లో ఉండవు. అక్షరాల వెడల్పు సరిగ్గా సరిపోయేవి కార్లిటో, కలాడియా. ఈ రెండూ వేస్తే పేజీలు విరిగే చోటు మారదు. వేయకపోతే ఒక పేజీ కొటేషన్ ఒకటిన్నర పేజీ అవుతుంది.
- ఔట్‌లుక్ మెయిల్. థండర్‌బర్డ్ ఔట్‌లుక్ నుంచి పాత మెయిళ్లు తెచ్చుకునేది విండోస్‌లో, అదీ ఔట్‌లుక్ ఉన్న మెషీన్‌లోనే. విండోస్ తీసేశాక గుర్తొస్తే లాభం లేదు. ముందే తెచ్చుకుని, థండర్‌బర్డ్ ప్రొఫైల్ ఫోల్డర్‌ని మొత్తంగా లైనక్స్‌కి కాపీ చేయండి.

బయటికి వర్డ్ (డాక్‌ఎక్స్), ఎక్సెల్ (ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్) ఫైళ్లు పంపాల్సిన ఆఫీసైతే లిబ్రే ఆఫీస్ ఆప్షన్స్‌లో లోడ్/సేవ్ దగ్గర ఎప్పుడూ ఆ రూపాల్లోనే సేవ్ అయ్యేలా పెట్టండి. ఆడిటర్‌కి ఓడీఎస్ (లిబ్రే ఆఫీస్ సొంత రూపం) ఫైలు వెళ్లి తెరుచుకోకపోతే మాట మీకే వస్తుంది.

## 4. ప్రింటర్లను పెన్‌డ్రైవ్‌తోనే పరీక్షించండి

మింట్‌ని ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడపవచ్చు. ప్రతి రకం ప్రింటర్‌తోనూ అలా ఒక పేజీ తీయకుండా తేదీ ఖరారు చేయకండి.

మన ఆఫీసుల్లో కనిపించే రకాలు ఇలా ఉంటాయి. వైఫై ఉన్న కొత్త ప్రింటర్లలో ఎక్కువ భాగం డ్రైవర్ అక్కర్లేకుండానే దొరుకుతాయి. ఎప్సన్ ఎల్-సిరీస్ ఇంక్ ట్యాంకులతో పెద్దగా బాధ లేదు.

హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 పాతదైనా పనిచేస్తుంది. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ దానికి ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపల నడిచే ప్రోగ్రాము) పంపాలి. అందుకు లైనక్స్‌లో హెచ్‌పీ డ్రైవర్ అయిన హెచ్‌పీలిప్‌తో పాటు దాని ప్లగిన్ కావాలి. ఈ రెండిటి వెర్షన్లూ ఒకటే అయి ఉండాలి. హెచ్‌పీలిప్ అప్‌డేట్ అయి ప్లగిన్ పాతదే మిగిలితే నిన్నటిదాకా పనిచేసిన ప్రింటర్ ఈరోజు పలకదు. ఇంటర్నెట్ ఉండగా ప్లగిన్ మళ్లీ వేస్తే లేస్తుంది.

కానన్ ఎల్‌బీపీ 2900 అసలు తలనొప్పి. అది కాప్ట్ అనే కానన్ సొంత భాషలో మాట్లాడుతుంది. విండోస్ మెషీన్‌కి తగిలించి షేర్ చేస్తే చాలనుకుంటారు. చాలదు, ఎందుకంటే ఆ భాషలోకి మార్చే డ్రైవర్ లైనక్స్ వైపు కూడా ఉండాలి. ఒకటి రెండు పేజీలే తీసేవాళ్లు పీడీఎఫ్ చేసి షేర్ ఫోల్డర్‌లో వేసి విండోస్ నుంచి తీసుకోవచ్చు. రోజూ యాభై పేజీలు తీసే సీటైతే ప్రింటర్ మార్చడమే నయం.

డాట్ మ్యాట్రిక్స్ బిల్లులు టాలీ నుంచే వస్తాయి కాబట్టి ఆ ప్రింటర్‌ని టాలీ మెషీన్‌కే వదిలేయండి.

పేజీ కింది భాగం తెగిపోతుంటే కాగితం సైజు చూడండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అమెరికా ఇంగ్లీష్ ఎంచుకుంటే ప్రింటర్లు లెటర్ సైజుకి పోతాయి. ప్రింటర్ సెట్టింగ్స్‌లో ఏ4 చేయాలి.

## 5. తెలుగు

టైపింగ్ సులువే. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఔట్స్ దగ్గర ప్లస్ నొక్కి తెలుగు చేర్చండి. అక్కడుండే మామూలు తెలుగు లేఔట్ ఇన్‌స్క్రిప్ట్. ఉచ్చారణను బట్టి కొట్టేవాళ్లకు కగప, సరళ లేఔట్లు అక్కడే ఉంటాయి. యాపిల్ కీబోర్డు లేదా ఆర్‌టీఎస్ అలవాటున్నవాళ్లకు ఐబస్, దానితో ఎం17ఎన్ అనే టైపింగ్ ప్రోగ్రాములు వేయాలి.

చిక్కంతా పాత ఫైళ్లతో. అను ఫాంట్లలో కొట్టిన ఉత్తరం లోపల ఉన్నది తెలుగు కాదు, తెలుగులా కనిపించే ఇంగ్లీషు గుర్తులు. లైనక్స్‌లో తెరిస్తే ఆ గుర్తులే కనిపిస్తాయి. మళ్లీ మళ్లీ వాడే నమూనా ఉత్తరాలను యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే ఉండే రూపంలోకి) మార్చి, ఒక్కోటీ చదివి సరిచూడండి. ఒత్తులు, సున్నాలు తప్పుతుంటాయి. మిగిలిన పాత సరుకును పీడీఎఫ్ చేసి దాచండి.

గౌతమి, నిర్మల ఫాంట్లు విండోస్‌తో వచ్చేవి. లైనక్స్‌లో వాటి బదులు వేరే ఫాంటు పడి వరసలు జరుగుతాయి. నోటో సాన్స్ తెలుగు, పోతన, మండలి లాంటి ఉచిత ఫాంట్లలో ఒకటి రెండు ఎంచుకుని లైనక్స్, విండోస్ మెషీన్లన్నిటిలోనూ వేయండి. రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది.

"ఫాంట్ సైజు మార్చినా తెలుగు అక్షరాలు మారట్లేదు" అనే ఫిర్యాదు తప్పక వస్తుంది. లిబ్రే ఆఫీస్ స్టైల్స్‌లో ఇంగ్లీషుకి ఒక ఫాంటు, తెలుగు లాంటి లిపులకు ఇంకో ఫాంటు విడివిడిగా ఉంటాయి. ఆప్షన్స్‌లో భాషల దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఔట్ ఆన్ చేసి తెలుగు ఎంచుకోండి. ఆ తర్వాత స్టైల్‌లో రెండో ఫాంటు సైజు కూడా మార్చండి.

## 6. డేటా తరలింపు, తెలుగు ఫైల్ పేర్లు

రెండు ఎక్స్‌టర్నల్ డిస్కుల్లోకి రెండు కాపీలు తీయండి. ఒకటి ఆఫీసు బయట ఉండాలి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లను మర్చిపోకండి, అసలు ఫైళ్లు ఎక్కువగా అక్కడే ఉంటాయి. డి డ్రైవ్ కూడా చూడండి.

కాపీ మధ్యలో "పేరు చాలా పెద్దది" అని కొన్ని ఫైళ్లు ఆగిపోతే కారణం ఇది. విండోస్ ఫైల్ పేరులో 255 అక్షరాల వరకు ఒప్పుకుంటుంది. లైనక్స్‌లో పరిమితి 255 బైట్లు. తెలుగులో ఒక్కో అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు దేనికదే మూడు బైట్లు. "శ్రీ" ఒక్కటే శ, పొల్లు, ర, ఈకారం కలిసి 12 బైట్లు తింటుంది. అంటే 85 గుర్తులు దాటిన తెలుగు పేరు ఎక్కదు. వాది, ప్రతివాది, కేసు నంబరు అన్నీ ఫైల్ పేరులోనే రాసే లాయరు ఆఫీసుల్లో, ఊరు, సర్వే నంబరు కలిపి రాసే రియల్ ఎస్టేట్ ఆఫీసుల్లో ఇది తగులుతుంది. విండోస్‌లో ఉండగానే పేర్లు కుదించండి.

ఇన్‌స్టాలర్ "హోమ్ ఫోల్డర్‌ని ఎన్‌క్రిప్ట్ చేయమంటారా" అని, అంటే పాస్‌వర్డ్ లేకుండా చదవలేనట్టు చేయాలా అని అడుగుతుంది. అది ఎంచుకుంటే పరిమితి 143 బైట్లకు, అంటే 47 గుర్తులకు పడిపోతుంది. ల్యాప్‌టాప్‌లకు ఎన్‌క్రిప్షన్ కావాలంటే డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే ఆప్షన్ తీసుకోండి.

## 7. ఎక్కించే రోజు

ముందు తేదీ సంగతి. 7న టీడీఎస్, 11న జీఎస్‌టీఆర్-1, 20న జీఎస్‌టీఆర్-3బి ఉంటాయి. 21 తర్వాత నెలాఖరు లోపు ఒక శనివారం చూసుకోండి. మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు నెలల్లో వద్దు.

సామగ్రి: 8 జీబీ పెన్‌డ్రైవ్‌లు మూడు, యూపీఎస్, లాన్ కేబుల్, హార్డ్ డిస్క్ మాత్రమే ఉన్న మెషీన్లకు 256 జీబీ ఎస్‌ఎస్‌డీలు. పాత హార్డ్ డిస్క్ మీద లైనక్స్ పెట్టి "ఇది కూడా స్లోనే" అనిపించుకోవడం కన్నా ఎస్‌ఎస్‌డీ ఖర్చు మేలు. తీసిన హార్డ్ డిస్క్‌ని పేరు రాసి మూడు నెలలు బీరువాలో ఉంచండి. వెనక్కి వెళ్లాల్సి వస్తే అదే మీ దారి.

1. ఐఎస్‌ఓ ఫైలు (మింట్ ఇన్‌స్టాల్ ఫైలు) మింట్ సైటు నుంచే దించి, అది చెడలేదని చూపే చెక్‌సమ్ సరిచూడండి.
2. బూట్ మెనూకి డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, గిగాబైట్ బోర్డుల్లో ఎఫ్12, ఏసస్ బోర్డుల్లో ఎఫ్8.
3. ఇన్‌స్టాలర్‌కి డిస్క్ కనబడకపోతే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరిచే సెటప్‌లో) స్టోరేజ్ మోడ్ రెయిడ్‌లో ఉందేమో చూసి ఏహెచ్‌సీఐ చేయండి.
4. టైమ్‌జోన్ కోల్‌కతా, కీబోర్డ్ ఇంగ్లీష్, మల్టీమీడియా కోడెక్‌లకు టిక్.
5. అడ్మిన్ ఖాతా ఒకటి మీకు, ఉద్యోగికి వేరే మామూలు ఖాతా. అడ్మిన్ పాస్‌వర్డ్ అందరికీ ఇవ్వకండి.
6. అప్‌డేట్లు పూర్తిచేసి, ప్రింటర్, తెలుగు, రెమినా పెట్టి, టైమ్‌షిఫ్ట్‌తో ఒక స్నాప్‌షాట్ (సిస్టమ్ అప్పటి స్థితికి కాపీ) తీయండి.

ఒకే మోడల్ మెషీన్లు పదుంటే ఒకటి పూర్తిగా తయారుచేసి డిస్క్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేసే క్లోన్‌జిల్లాతో మిగతావాటికి దించండి. క్లోన్ చేశాక ప్రతి మెషీన్ పేరు, మెషీన్ ఐడీ మార్చాలి.

ఒకే కంప్యూటర్‌లో రెండూ పెట్టే డ్యూయల్ బూట్ ఆఫీసులో వద్దు. లైనక్స్ గడియారాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాస్తుంది, విండోస్ దాన్ని స్థానిక సమయంగా చదువుతుంది. విండోస్‌లోకి వెళ్లగానే టైము ఐదున్నర గంటలు వెనక్కి పోయి ఉంటుంది. ఉదయం నాలుగింటికి బిల్లు కొట్టినట్టు కనబడుతుంది. దానికి మందు ఉంది కానీ, రెండు సిస్టమ్‌లున్న సీటులో మనిషి ఎప్పుడూ పాతదానిలోకే వెళ్తాడు.

## 8. షేర్ ఫోల్డర్

ఫైల్ మేనేజర్‌లో సర్వర్ అడ్రసు కొట్టి తెరిచిన ఫోల్డర్‌లోంచి నేరుగా ఎక్సెల్ షీట్లు తెరిస్తే, "రీడ్ ఓన్లీ" అనో, ఇద్దరూ ఒకేసారి మార్చేశారనో గొడవలొస్తాయి. షేర్‌ని ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (కంప్యూటర్ లేచేటప్పుడు ఏ డిస్కులు తగిలించాలో చెప్పే ఫైలులో) సీఐఎఫ్‌ఎస్‌గా (విండోస్ షేర్ల రకంగా) రాసి శాశ్వతంగా మౌంట్ చేయండి, అంటే తగిలించండి. దానికి నోఫెయిల్, ఆటోమౌంట్ ఆప్షన్లు తప్పక చేర్చండి. కరెంటు పోయి వచ్చినప్పుడు సర్వర్ కన్నా ముందు డెస్క్‌టాప్‌లు లేస్తాయి. ఈ ఆప్షన్లు లేకపోతే అవి సర్వర్ కోసం ఎదురుచూస్తూ నిలబడతాయి.

## 9. మొదట ఇద్దరు, తర్వాత ఐదుగురు

మొదటి ఇద్దరిలో ఒకరు కంప్యూటర్ అంటే ఇష్టమున్నవాళ్లు, రెండోవాళ్లు ఫిర్యాదులు ఎక్కువ చేసేవాళ్లు కావాలి. రెండోవాళ్లు తృప్తి పడితే మిగతా ఆఫీసంతా నమ్ముతుంది. రెండు వారాల తర్వాత ఐదుగురు, ఇంకో వారం తర్వాత మిగతావారు. యజమాని సీటు కూడా మారాలి. ఆయన గదిలో విండోస్ ఉండి కింద లైనక్స్ ఉంటే అది శిక్షలా కనబడుతుంది.

మొదటి వారం ఫిర్యాదులకు ఒక నోట్‌బుక్ పెట్టండి. "పనిచేయట్లేదు" అని రాయనివ్వకండి. ఏ ఫైలు, ఏ బటన్, తెర మీద ఏం వచ్చింది అన్నవి ఉండాలి. ఫోన్‌తో ఫోటో తీసి పెట్టినా చాలు.

## 10. నెలనెలా చూసుకోవాల్సినవి

- అప్‌డేట్లు సోమవారం రెండు మెషీన్లలో, ఏ తేడా రాకపోతే గురువారం మిగతావాటిలో
- అప్‌డేట్ మేనేజర్ ప్రిఫరెన్సెస్‌లో పాత కెర్నెళ్లు (లైనక్స్ మూల ప్రోగ్రాము పాత వెర్షన్లు) తీసేసే ఆప్షన్ ఆన్. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసిన మెషీన్లలో ఇది లేకపోతే బూట్ పార్టిషన్ నిండి అప్‌డేట్లు ఆగుతాయి
- టైమ్‌షిఫ్ట్ సిస్టమ్‌ని మాత్రమే దాస్తుంది, ఉద్యోగుల ఫైళ్లను కాదు. వాటి బ్యాకప్ వేరు
- బ్యాకప్ నుంచి నెలకొక ఫైలు నిజంగా వెనక్కి తెచ్చి తెరిచి చూడటం

మింట్ కొత్త పెద్ద వెర్షన్ రాగానే ఎక్కించాల్సిన తొందర లేదు. 2028 చివర్లో ఒక మెషీన్ మీద ప్రయత్నించి, ప్రింటర్లు, రెమినా, తెలుగు, షేర్ ఫోల్డర్ నాలుగూ సరిచూసుకోండి. 2029 ఏప్రిల్ లోపు మిగతావి మార్చండి.